రూతమ్మ సాక్ష్యం

కోరుట్ల,
జూన్ 16

ఆనంద్ అన్నకు,

మొన్న ఫోన్ చేస్తే వనిత వదిన తీసింది. నేను చెప్పిన ప్రతి మాటనూ ఆమె నీ చెవి దగ్గర అరిచి చెప్పాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లు మరమగ్గాల చప్పుడులో నిలబడి నువ్వు చెవులు పోగొట్టుకున్నావు. ఇప్పుడు నీకు ఏ సంగతి చెప్పినా సిరిసిల్లలో మీ వాడకట్టంతా వింటుంది. ఈ సంగతి అలా వినిపించేది కాదు. నేను హాస్టల్లో ఉన్నప్పుడు నువ్వు నాకు ఉత్తరాలు రాసేవాడివి. మళ్లీ అదే పద్ధతి మొదలుపెడుతున్నాను.

బస్టాండు వెనక ప్రైవేటు దవాఖానలో చేరి ఏడాది కావస్తోంది. ఇక్కడ ఎముకల డాక్టరును నేనొక్కణ్నే. చేతులు, మణికట్లు, మోకాలి కింద విరిగినవి చాలానే చేశాను. వాటితో పెద్ద ఇబ్బంది రాలేదు. ఇబ్బంది తుంటి దగ్గర వచ్చింది.

గొల్లపల్లి నుంచి గంగారాం అనే పెద్దమనిషిని తెచ్చారు. బావి దగ్గర జారిపడ్డాడు. తొడ ఎముక పైన గుండ్రటి తల ఉంటుంది. ముసలివాళ్లకు సాధారణంగా ఆ తలకు కొంచెం కింద విరుగుతుంది. విరిగినదాన్ని లాగి సరిగా కూర్చోబెట్టి, ఎముక లోపలికి ఒక కడ్డీ దించి, కడ్డీలోంచి ఆ తలలోకి పొడవాటి స్క్రూ ఎక్కిస్తాం. స్క్రూ తల నడిమధ్యకు, లోతుగా పోవాలి. నేను పెట్టింది పైకి పోయింది. ఆ రోజు ఫిల్ములో నాకు అది బాగానే ఉన్నట్టు కనిపించింది. గంగారాం నడక మొదలుపెట్టాక స్క్రూ మెత్తటి ఎముకను చీల్చుకుని కీలులోకి వచ్చింది.

జగిత్యాల సర్కారు దవాఖానలో ఊర్మిల మేడం ఉన్నారు. నేను స్కూల్లో ఉన్నప్పటి నుంచే ఆమె తుంటి ఆపరేషన్లు చేస్తున్నారు. ఫిల్ములు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. మొదటి ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, "స్క్రూ సంగతి తర్వాత. స్క్రూ పెట్టకముందే బొక్క సరిగ కూసోలే. గది నీకు కనవడలేదా?" అన్నారు. కనబడలేదన్నాను. "ఇసొంటివి నీ అంతట నువ్వు ఎన్ని చేసినవ్?" అని అడిగారు. చెప్పాను. రెండు చేతుల వేళ్లు దాటలేదు. ఆమె ఫిల్మును మళ్లీ వెలుతురుకు పెట్టారు.

చదువుకునేటప్పుడు పుస్తకంలో చూసి పేజీ తిప్పేసిన మాట ఒకటుంది. తుంటి ఆపరేషన్లు తక్కువ చేసిన డాక్టరు చేతిలో పని ఎక్కువసేపు పడుతుంది, మళ్లీ చేయాల్సి రావడం కూడా ఎక్కువ. పక్కన అనుభవమున్న డాక్టరు నిలబడితే ఆ తేడా చాలావరకు పోతుంది. నా పక్కన ఎవరూ లేరు.

గంగారాంకు రెండో ఆపరేషన్ ఆమే చేస్తారు. ఈ సంగతి పెద్దమ్మకు చెప్పకు.

నరేందర్


సిరిసిల్ల,
జూన్ 27

తమ్ముడు నరేందర్‌కు, అన్న ఆనంద్ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. రెండుమార్లు చదివిన. ఏం రాసిండని వనిత అడిగితే బాగున్నడట అని చెప్పిన.

గింతదానికి గంత పరేషాన్ ఎందుకు? నేను కార్ఖానల చేరినప్పుడు నా బట్టల పోగు తెగని మీటరు లేకుండె. సేటు నా బట్టను అలగ్ పెట్టి సెకండ్స్‌ల అమ్మేటోడు. "ఆనంద్ నేసింది దోమతెర, రాత్రి కప్పుకొని పండుకో" అని తోటోళ్లు నవ్వెటోళ్లు. తర్వాత చెయ్యి పడ్డది. నీకు గూడ పడ్తది.

గా గంగారాం ముచ్చట మాత్రం ఎవ్వలకు చెప్పకు. మన పెగడపల్లి వాడల డాక్టర్ అయినోనివి నువ్వొక్కనివే. మన తాత, మన అయ్యలు ఇంకొకని పొలంల వంగినోళ్లే. నీ పేరు మీద మరక పడితే అది నీ ఒక్కని మీద ఆగదు.

అమ్మ సంగతి తెల్సు గదా. పోయిన ఆదివారం చర్చిల సాక్ష్యం చెప్పిందట. అందరు లేచి దేవుడు జెరం తీసిండు, తప్పిపోయిన బర్రె దొరికింది అని చెప్తరు. మా అమ్మ లేచి, "నా చెల్లె సచ్చిపోతా నా చేతుల పెట్టిన పోరడు ఇయ్యాల విరిగిన బొక్కలు అతుకుతున్నడు. నాకేమన్న అయితె నా కొడుకు చెయ్యే పడ్తది. పరాయి చెయ్యి పడనియ్య. దేవుని ముంగట చెప్తున్న" అన్నదట. పక్కన కూసున్న రాజవ్వ అందరికన్న గట్టిగ ఆమెన్ అన్నదట. వాళ్లిద్దరి సంగతి నీకు ఎరుకే. కలుపుకు పోయినా, చర్చికి పోయినా, ఒకరి మీద ఒకరు అలిగినా జంటగనే.

నీ పేరు చెప్తే అమ్మ మోకాళ్ల నొప్పులు గూడ మర్చిపోతది. గట్లనే మర్చిపోనియ్యి.

ఆనంద్


కోరుట్ల,
ఆగస్టు 11

అన్నకు,

గంగారాంకు జగిత్యాలలో మళ్లీ ఆపరేషన్ అయింది. ఒక కాలు పొట్టిదైంది. చేతికర్రతో గుమ్మం దాకా వస్తున్నాడు. పొలానికి ఇక పోడు. ఆయన కొడుకు నన్ను తిట్టలేదు. "ముసలి బొక్కలు, మీరేం చేస్తరు సార్" అన్నాడు. నేను తల ఊపాను. ఎముక మెత్తగా ఉండటం నిజమే. అంత మెత్తటి ఎముకల్లోనే ఊర్మిల మేడం వారంలో నాలుగైదు స్క్రూలు పెడుతున్నారు. అవి నిలబడుతున్నాయి.

నీ దోమతెర మాట చదివి నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. బట్ట చెడితే సెకండ్స్‌లో అమ్ముతారు. గంగారాంను ఎందులో వేయాలి?

మేడంను ఒకటి అడిగాను. ప్రతి గురువారం జగిత్యాలకు వచ్చి మీ పక్కన నిలబడతాను, చేయి పెట్టనిస్తే పెడతాను అన్నాను. "మొదాలు కాలు లాగి పట్టుడు నేర్చుకో. కత్తి తర్వాత" అన్నారు. పోతున్నాను. ఆమె ఫిల్మును చూసినట్టు నేను చూడలేకపోతున్నాను. నేను విరిగిన చోటును చూస్తాను. విరిగిన ముక్క ఎటు జారబోతోందో ఆమె ముందే చూస్తారు. ఈ తేడా మాటల్లో చెబితే వచ్చేది కాదు.

చెయ్యి పడేదాకా తుంటి విరిగి వచ్చే ముసలివాళ్లను జగిత్యాలకే పంపుతాను. మా యజమాని మొహం మాడ్చుకున్నాడు, ఊరుకున్నాడు. నువ్వు ఒక పని చేయాలి. పెద్దమ్మకు చెప్పు: వాడలో ఎవరికి తుంటి విరిగినా నా దగ్గరికి పట్టుకురావద్దని, నేరుగా జగిత్యాలకు పొమ్మని. నేను చెబితే వినదు. నువ్వు చెబితే తిట్టుకుంటూ వింటుంది.

నరేందర్


సిరిసిల్ల,
సెప్టెంబర్ 8

తమ్మునికి,

నువ్వు చెప్పుమన్న మాట అమ్మకు చెప్పలె. ఎందుకు చెప్పలేదో విను.

నీకు పెగడపల్లిల కొత్త పేరు పడ్డది. చీటీ డాక్టరు. "దవాఖానకు పోతె నాడి చూడడు, చీటీ రాసి జగిత్యాల బస్సెక్కిస్తడు" అంటున్నరట. రేషన్ షాపు కాడ ముత్యం గీ మాట అన్నడు. అమ్మ పక్కనే ఉన్నది. బియ్యం సంచి కింద పెట్టి, "నీ నోటికి కుట్లు ఎయ్యాల్నంటే మా పోరడు జగిత్యాలకు పంపడు, గిక్కడనే ఏస్తడు" అన్నదట. లైన్ల అందరు నవ్విండ్రట. ముత్యం గూడ నవ్విండట. అమ్మ మాత్రం నవ్వలే. ఇంటికచ్చి అన్నం తినలేదని రాజవ్వ బిడ్డ సంగీత వనితకు ఫోన్‌ల చెప్పింది.

గిప్పుడు నేను పోయి, నీ కొడుక్కు ఇంకా తుంటి చేసుడు రాదు అని చెప్పాల్నా? ఆమె చర్చిల అందరి ముంగట లేచి నిలబడి చెప్పింది. దేవుని ముంగట అన్న మాట ఆమెకు మాటనే.

నువ్వు నేర్చుకో. తొందరగ నేర్చుకో. గంతే.

ఆనంద్


కోరుట్ల, దవాఖాన వరండా,
అక్టోబర్ 21

అన్నా, నువ్వు మెల్లగా మాట్లాడుతున్నానని అనుకుంటున్నావు. అరుస్తున్నావు. లోపల పెద్దమ్మకు అంతా వినబడుతోంది. ఈ కాగితం మీద రాయి.

పసుపు చేనులో కలుపు తీసి వస్తూ ఆటో దిగేటప్పుడు పడిందట. తుంటి విరిగింది. జగిత్యాలకు పంపుదాం. ఊర్మిల మేడంతో మాట్లాడాను. రేపు పొద్దున చేస్తామన్నారు.

*

అడిగిన. సెలైన్ సూది పీకేస్త అంటున్నది. దేవుని ముంగట చెప్పిన మాట తప్పనంటున్నది. నువ్వే చెయ్యి.

*

నేను చేయను.

*

సొంత పెద్దమ్మను పరాయి డాక్టరుకు పంపిండంటే రేపు నీ తలుపు తట్టేటోడు ఒక్కడు ఉండడు.

*

ఉండకపోతే పోనీ. నువ్వు గంగారాంను చూడలేదు, నేను చూశాను. ఊరికే ఉంచడమూ కుదరదు. ఈ వయసులో మంచం మీద ఎంత ఆలస్యమైతే అంత ప్రమాదం. నెమ్ము చేరుతుంది, వీపు మీద పుండ్లు పడతాయి. ఆమెను ఒప్పించు.

*

ఒప్పుకోదు. గిట్ల చేద్దాం. ఆపరేషన్ల బొక్కను చూపెట్టే మీ టీవీ ఎక్స్‌రే మిషన్ ఖరాబైందని నేను చెప్త. జగిత్యాలల మిషన్ మంచిగున్నది, నరేందరే అక్కడికొచ్చి చేస్తడని చెప్త. నువ్వు టోపీ పెట్టుకొని ఆమెతోని లోపలికి పో. మీ మేడంతోని చేపియ్యి. కోసినోళ్లెవరో పండుకున్న మనిషికి ఏం ఎరుకైతది?

*

ఇది అబద్ధం.

*

నాకు తెల్సు. ఒప్పుకుంటవా లేదా, గది రాయి.

*

అంబులెన్సు పిలుస్తున్నా.


జగిత్యాల,
నవంబర్ 3

అన్నకు,

నువ్వు పని మీద సిరిసిల్ల పోయావు కాబట్టి ఆ రోజు లోపల జరిగింది రాస్తున్నాను.

నడుముకు మత్తు ఇచ్చారు. అంటే పెద్దమ్మకు మెలకువ ఉంది. ఛాతీ మీద ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. నేను మాస్కుతో పోయి ఆమె తల దగ్గర నిలబడ్డాను. "నువ్వేనా బిడ్డా?" అంది. నేనే అన్నాను. "అయితె కానియ్యి" అని కళ్లు మూసుకుని పాట అందుకుంది. నేను గుడ్డకు అవతలి వైపు పోయాను. మేడం సైగ చేస్తే కాలు లాగి పట్టుకున్నాను.

ఆమె కత్తి పట్టకముందే చాలాసేపు టీవీలో ఎముకనే చూశారు. కొంచెం లోపలికి తిప్పమన్నారు, మళ్లీ కొంచెం వదలమన్నారు. ముక్కలు ఒకదానిలో ఒకటి కూర్చున్నాక, "గిప్పుడు సగం పని అయిపోయింది" అని నాకు మాత్రమే వినబడేలా అన్నారు. మిగతా సగం పెద్దమ్మ పాటలు మూడు అయ్యేలోపల పూర్తయింది. స్క్రూ నడిమధ్యకు పోయింది.

ముందే మేడంకు మన ఏర్పాటు చెప్పాను. ఆమె, "నేనైతె అబద్ధం చెప్ప. ఆమె అడిగితె ఉన్నది ఉన్నట్టు చెప్త. అడగకపోతె నా అంతట నేను చెప్ప" అన్నారు.

పెద్దమ్మ అడగలేదు. మర్నాడు మేడం వచ్చి కట్టు చూస్తుంటే పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "సిస్టరమ్మా, మా పోరనికి సామాన్లన్నీ మంచిగ అందిచ్చినవట. నీ పిల్లలు సల్లగుండ" అంది. వార్డులో నర్సులు బిగుసుకుపోయారు. మేడం నవ్వి, "లేసి నడువు రూతమ్మా, గదే చాలు" అని పక్క మంచానికి పోయారు.

పెద్దమ్మ ఆ సాయంత్రమే వాకర్ పట్టుకుని నిలబడింది. ఇక్కడిదాకా సంతోషమే. ఆ సిస్టరమ్మ మాట మాత్రం నాకు ఇంకా వినబడుతూనే ఉంది.

నరేందర్


సిరిసిల్ల,
డిసెంబర్ 30

తమ్మునికి, అన్న వందనాలు.

క్రిస్మస్‌కు నువ్వు డ్యూటీల ఉన్నవు. నువ్వు చూడాల్సింది. అమ్మ వాకర్ పట్టుకొని ఇంటి నుంచి చర్చి దాకా నడిచింది. ఎవ్వలను చెయ్యి పట్టనియ్యలే. ఆటో తెస్తే, "గా ఆటోనే గదా నన్ను పడగొట్టింది" అని తిట్టి పంపింది.

చర్చిల లేచి నిలబడ్డది. నాకు ఏం వినపడది గదా, వనిత నా అరచేతిల వేలుతోని రాస్తా పోయింది. "నా కొడుకు నా బొక్క అతికిండు. చీటీ డాక్టర్ అన్నోళ్లు నా నడక చూడుండ్రి" అని వాకర్ పక్కకు పెట్టి నాలుగడుగులేసింది. నడక నా కండ్లతోని చూసిన. చప్పట్లు చూసిన. ముత్యం అందరికన్న ముందు కొట్టిండు. రాజవ్వ అమ్మ తుంటి మీద చెయ్యి పెట్టి ఒత్తి చూసి ఏదో అన్నది, అందరు నవ్విండ్రు. ఏమన్నదని తర్వాత అడిగితే వనిత చెప్పింది: "నాది విరిగినా గీ పోరడే, గట్లనే అతుకాలె, నీ దానికంటే మంచిగ అతుకాలె" అన్నదట.

చీటీ డాక్టర్ అన్న పేరు ఆనాటితోని పోయింది.

నాకు లోపల జర భయమైంది. రాస్తున్న, మళ్ల నువ్వు దాని మీద పెద్ద ఉత్తరం రాయకు.

ఆనంద్


కోరుట్ల,
ఫిబ్రవరి 9

అన్నకు,

పెద్ద ఉత్తరం రాయవద్దన్నావు కాబట్టి జనవరిలో ఏమీ రాయలేదు. అదొక్కటే కారణం కాదు. నా గది ముందు మనవాళ్లు బెంచీల మీద కూర్చుంటున్నారు. పేరు పెట్టి పిలుస్తున్నారు. అది నాకు నచ్చింది. గురువారాలు జగిత్యాలలో మేడం పక్కన నా చేత్తో కొన్ని చేశాను, అన్నీ నిలబడ్డాయి. నాకు చెయ్యి పడిందనుకున్నాను.

ఇప్పుడు రాయాల్సి వచ్చింది. రాజవ్వను తెచ్చారు. నల్లా దగ్గర నీళ్లు పడుతూ జారిందట, తుంటి విరిగింది. మేడం సెలవులో ఉన్నారు, వారం దాకా రారు. జగిత్యాలలో ఇంకో డాక్టరు ఉన్నాడు, కరీంనగర్ కూడా దూరం కాదు. రెండూ చెప్పాను. సంగీత చేతులు కట్టుకుని నిలబడి, "రూతమ్మ పెద్దమ్మకు చేసినట్టే చెయ్యి అన్నా. మాకు వేరే ఏం వద్దు" అంది. రాజవ్వ మంచం మీంచే, "పోరడా, నన్ను గూడ బస్సెక్కిస్తవా ఏంది?" అని నవ్వింది.

రూతమ్మకు చేసింది నేను కాదు. ఆ ఒక్క మాట అంటే సంగీత తల్లిని తీసుకుని పోయేది. నోటిదాకా వచ్చింది. అనలేదు.

ఆపరేషన్ సగం అయ్యాక తెలిసింది. మామూలుగా ఎముక మీద విరుగుడు గీత ఒక వాలులో ఉంటుంది. కాలు లాగితే ముక్కలు కూర్చుంటాయి. రాజవ్వకు గీత ఉల్టా ఉంది. ఎంత లాగితే అంత జారుతుంది. అది మొదటి ఫిల్ములోనే ఉంది, నేను చూసి కూడా చూడలేదు. మేడం అయితే ఆ ఫిల్ము చూడగానే సామాను మార్చేవారు, పద్ధతి మార్చేవారు. నేను లాగాను, జారింది. మళ్లీ లాగాను. చివరికి పెద్దగా కోసి చేత్తో కూర్చోబెట్టాల్సి వచ్చింది. పెద్దమ్మకు మూడు పాటల్లో అయిన పని రాజవ్వకు పగలంతా పట్టినట్టు అనిపించింది. రక్తం చాలా పోయింది. మూడు సీసాలు ఎక్కించాం.

ప్రాణంతో ఉంది. గాయం ఎర్రబడుతోంది. మేడం రాగానే తీసుకుపోతాను.

నరేందర్


సిరిసిల్ల,
ఫిబ్రవరి 19

తమ్మునికి,

నీ ఉత్తరం చదివి చింపేసిన. వనిత చూస్తదని.

భయపడకు. ముసలామె, రోగం పెద్దది, ఎవ్వలేమనరు. గాయం మానకపోతె చక్కెర ఉన్నదని చెప్పు. చక్కెర ఉన్నోళ్లకు పుండు మానదని అందరికి తెల్సు. అమ్మది నువ్వే చేసినవ్, గీ రాజవ్వది ఆమె నసీబు. గంతే. ఎవ్వలు అడిగినా గిదే మాట.

అమ్మ రోజు రాజవ్వ కోసం ప్రార్థన చేస్తున్నదట. దవాఖానకు వస్తా అంటున్నది. నేనే ఆపిన.

ఆనంద్


జగిత్యాల,
మార్చి 6

అన్నకు,

రాజవ్వ చనిపోయింది.

మేడం రాగానే ఆమెను ఇక్కడికి తెచ్చాను. గాయం తెరిచి కడిగారు. చీము ఎముక దాకా పోయింది. కదలలేక పడుకోవడంతో నెమ్ము చేరింది. మేడం నన్ను తిట్టలేదు. ఫిల్ము నా చేతికిచ్చి, "గీ గీత చూడు. మళ్ల ఎన్నడు మర్చిపోకు" అన్నారు. మర్చిపోయేది కాదు.

నువ్వు చెప్పమన్న చక్కెర రాజవ్వకు లేదు. పరీక్ష కాగితం నా ముందే ఉంది. ఇంత వయసులో కూడా ఆమెకు రోగమన్నది లేదు. రోజూ కలుపుకు పోయేది.

సంగీత నన్ను ఏమీ అడగలేదు. శవాన్ని బండిలోకి ఎక్కించాక వెనక్కి వచ్చి, నా రెండు చేతులు పట్టుకుని కళ్లకు అద్దుకుంది. "నీ చాతనైన కాడికి చేసినవ్ అన్నా" అంది. ఆ మాట నేను మోయలేను.

ముత్యం అన్నకు వచ్చే నెల తుంటి విరగదని ఎవరు చెప్పగలరు? విరిగితే అతను నా దగ్గరికే వస్తాడు. వాడలో అందరూ నా దగ్గరికే వస్తారు. పెద్దమ్మ నడక చూశారు కాబట్టి వస్తారు. నేను చేసిన తప్పు రాజవ్వ దగ్గర ఆగాలంటే ఆ నడక ఎవరిదో చెప్పాలి. పెద్దమ్మకు నువ్వు చెబుతావా, నేను వచ్చి చెప్పనా? అబద్ధం ఇద్దరిదీ. ముందు నిన్ను అడుగుతున్నాను.

నరేందర్


పెగడపల్లి,
మార్చి 18

తమ్ముడు నరేందర్‌కు,

అమ్మ ఇంటికాడ కూసొని రాస్తున్న.

శుక్రవారం అచ్చిన. తలుపు పెట్టి అమ్మకు చెప్పిన. మిషన్ ఖరాబు కాలేదని, నేనే అబద్ధమాడిన అని, నీ తుంటి చేసింది నరేందర్ కాదని, నువ్వు సిస్టరమ్మ అన్న ఆమెనే డాక్టరని. మధ్యల అమ్మ లేచి నా నోటి మీద చెయ్యి పెట్టింది. నేను అరుస్తున్న అని గప్పుడు తెల్సింది. బయట ఎవ్వలన్న విన్నరో లేదో నాకు ఎట్ల తెలుస్తది.

అమ్మ నన్ను కొట్టలే, తిట్టలే. వాకర్ తీసుకొని రాజవ్వ ఇంటి దిక్కు పోయింది. సగం దాకా పోయి మళ్లొచ్చింది.

నిన్న ఆదివారం. పాటలైనంక పాస్టరు సాక్ష్యాలున్నయా అని చూసిండు. అమ్మ లేచింది. నేను ఆమె మొఖమే చూస్తున్న. పెదవులు కదులుతున్నయి. వనిత నా చెయ్యి పట్టుకొని రాసుడు మొదలుపెట్టి ఆపేసింది. నేను చుట్టు చూసిన. ముత్యం తల దించుకున్నడు. ఆడోళ్లు నోటికి కొంగు పెట్టుకున్నరు. వెనక నుంచి సంగీత లేచింది. ఆమె గూడ ఏదో అడిగింది, ఒక్కటే మాట. అమ్మ సంగీత దిక్కు తిరిగింది. తర్వాత నోరు కదిలింది. సంగీత చెప్పులు చేతుల పట్టుకొని బయటికి పోయింది. ఒక్కొక్కలు ఆమె ఎంబడి పోయిండ్రు. పాస్టరు పుస్తకం మూసిండు.

ఇంటికచ్చినంక వనితను కూసోబెట్టి, ఉన్నది ఉన్నట్టు రాసియ్యి అన్న. ఆమె రాసిచ్చింది చూసుకుంట రాస్తున్న.

అమ్మ అన్నది: "నేను గీడ నిలబడి అబద్ధపు సాక్ష్యం చెప్పిన. నా తుంటి చేసింది జగిత్యాల మేడం. నా కొడుకు కాలు పట్టిండు. వాడు ఇంకా నేర్చుకుంటున్నడు. మీకు తుంటి విరిగితె వాని దగ్గరికి పోకుండ్రి, వాడు చీటీ రాస్తె చీటీ పట్టుకొని పోండ్రి. నన్ను చూసి ఎవ్వలు మోసపోకుండ్రి."

సంగీత అడిగింది: "గీ మాట క్రిస్మస్ నాడు ఎందుకు చెప్పలే పెద్దమ్మా?"

నరేందర్, అమ్మకు అప్పటికి ఎరుకనే లేదు. నాకు తెల్వకుండె బిడ్డా, నా కొడుకులు నన్ను గూడ మోసం చేసిండ్రు అని ఒక్క మాట అంటే సరిపోతుండె. అమ్మ గా మాట అనలే. "తప్పయింది" అన్నదట. అంతే అన్నదట.

నేను ఆమె పక్కనే కూసున్న. నాకు వినపడి ఉంటే లేచెటోన్నో లేదో, గది నాకు తెల్వదు. ఇంటికచ్చి అడిగిన, మా పేర్లు ఎందుకు చెప్పలేదని. నా మొఖం చూసింది, పొయ్యి దిక్కు తిరిగింది.

ఇయ్యాల పొద్దున్నుంచి ఎవ్వలు మా ఇంటికి రాలే. అమ్మ వాకిట్ల కూసున్నది. కలుపుకు పొయ్యే ఆడోళ్లు గీ తొవ్వ మీదికెళ్లే పోతరు. ఇయ్యాల సుట్టు తిరిగి పోయిండ్రు.

వచ్చే ఆదివారం నువ్వు రా. నేను చెప్తె అరుపు అయితది, ఎవ్వలకు సమజ్ కాదు. నువ్వు చెప్పాలె. సంగీత వస్తదో రాదో తెల్వదు. రాకపోతె ఆమె ఇంటికి పోదాం.

కూసునే జాగ కోసం ఎతుక్కోకు. చర్చిల అమ్మ పక్కన చాప ఖాళీగనే ఉన్నది. నిన్న గూడ దాని మీద ఎవ్వలు కూసోలే. రాజవ్వ కూసునే జాగ అది.

ఆనంద్